మతిభ్రమణము: ఒక వేరు చెప్పు సాక్ష్యము



ఇంట నొకరికి మతి చలించినపుడు గాలి సోకినదనియో, చేతబడి యనియో తలచి భూతవైద్యునికి కబురంపుట మన పల్లెలకు క్రొత్త గాదు. ఈ విషయమున ఒక వేరు చెప్పు సాక్ష్యమును వినుడు.

సర్పగంధి ఆయుర్వేదమున ప్రసిద్ధమైన మొక్క. బీహారులో పామరులు దీనిని పిచ్చిమందని పిలుచుచుండిరి. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తికచంద్ర బోస్ దీనివలన ఉన్మాదులు శాంతించుటను వైద్యపత్రికలో ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును తీసిరి. మెదడులో ఒక నరము మరియొక నరమునకు వార్త నంపుటకు కొన్ని ద్రవ్యములు నిలువయుండును. రిసర్పిన్ ఆ నిలువను తగ్గించును. రోగి కేకలు మాని నిద్రించును. కొందరికి దిగులు పట్టెననియు వైద్యులు వ్రాసిరి. మెదడులోని ద్రవ్యము మారగనే నడవడి మారుచున్నది గదా! ఇక రోగమును వెదకవలసిన చోటు మెదడే. దుఃఖము, అప్పులు, మద్యము కలచునదియు దానినే.

అట్లని వేరు నూరి పోయకుడు. రక్తపుపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. నేడు అంతకన్న మేలైన మందులు కలవు. విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యు లున్నారు. 14416 నకు టెలిఫోను చేసినను సలహా దొరకును.

రోగిని గొలుసుతో కట్టుటను 2017 నాటి చట్టము నిషేధించినది. తమిళనాడులోని ఏర్వాడి దర్గాకు స్వస్థతకై చేరిన రోగులను అచ్చటి పాకలో గొలుసులతో బంధించిరి. 2001 ఆగస్టు 6న ఆ పాక అంటుకొనగా, పరుగెత్తలేక 28 మంది మరణించిరి.