గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు
మూడో నెలలో చూపిస్తే పైసా ఖర్చు లేకుండా ఆపరేషన్

కోసిగి: పెదవి చీలి బిడ్డ పుడితే మన పల్లెల్లో ఇప్పటికీ ముందు చూసేది పంచాంగమే. గ్రహణం పూట తల్లి ఈలపీట ముట్టిందని ఒకరు, కడుపు గోక్కుందని మరొకరు దెప్పుతారు. ఆ నింద పడలేక తల్లి బిడ్డను కొంగు చాటున దాచుకుంటుంది. పేరు పెట్టే నాడు కూడా నలుగురికీ చూపదు. అలా దాచిన నెలలే బిడ్డకు చేటు చేస్తున్నాయి.

గర్భం నిలిచిన తొలి మూడు నెలల్లోనే బిడ్డ పెదవి, అంగిలి రెండు పక్కల నుంచి పెరిగి అతుక్కుంటాయి. అతుక్కోకపోతే చీలిక మిగిలిపోతుంది. వంశంలో ఉండటం, మేనరికం, ఫోలిక్ యాసిడ్ చాలకపోవడం, పొగాకు వంటివి ఇందుకు దోహదం చేస్తాయని వైద్యులు చెబుతున్నారు. ఈలపీటకు ఇందులో పాత్ర లేదు.

ఉగ్గుగిన్నెతో పాలు

అంగిలి చీలిన బిడ్డ రొమ్ము సరిగా చీకలేదు. తాగిన పాలు ముక్కులోంచి వచ్చేస్తాయి. అందుకని బిడ్డను తల పైకుండేలా పట్టుకొని, పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి. మధ్యమధ్య భుజాన వేసుకొని త్రేన్పు రప్పించాలి. సుమారు 5 కిలోల బరువు, 10 గ్రాముల రక్తం ఉంటే పెదవికి 3 నుంచి 6 నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య చేస్తారు. ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది. వయసు దాటిందని మానుకోనక్కరలేదు, పెద్ద పిల్లలకూ చేస్తారు.

ఖర్చు సర్కారుదే

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. మొర్రి, వంకర పాదాలు, గుండె జబ్బు వంటివి కనిపిస్తే జిల్లా కేంద్రానికి పంపుతారు. పేదలకు ఆపరేషన్ ఖర్చును 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం భరిస్తుంది.

సుగ్గితోనే చిక్కు

పంట చేతికి రాని ఏడు ఈ ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గి పోతాయి. చంకబిడ్డలూ వెంటే వెళతారు. వైద్య బృందం వచ్చిన రోజు బిడ్డ ఊళ్లో ఉండదు. ఊళ్లో ఉన్నవారికీ ఇబ్బందే. వైద్యం ఉచితమైనా, కర్నూలు ఆసుపత్రిలో నాలుగు రోజులుంటే ఆలుమగలిద్దరి కూలీ పోతుంది. ఇంటి దగ్గర మిగతా పిల్లలను చూసే దిక్కు ఉండదు.

జనం సుగ్గికి కదలక ముందే ఆశా కార్యకర్తలు పసిపిల్లల ఇళ్లు చుట్టిరావాలి. బృందం వచ్చే తేదీని ముందుగా దండోరా వేయించాలి. ఆసుపత్రికి వెళ్లే తల్లికి దారిఖర్చులైనా ఇచ్చే ఏర్పాటును అధికారులు చేయాల్సిన అవసరం ఎంతైనా ఉంది. మొర్రితో బిడ్డ పుడితే తల్లిదండ్రులు ఆ వారంలోనే ఏఎన్ఎంకు చెప్పాలి. ఇరుగుపొరుగు తల్లిని దెప్పడం మాని, ఆసుపత్రికి తోడు వెళ్లాలి.