వెనక్కి నడిచే చిట్టా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పొలం చేతులు మారాలంటే 2020 దాకా రెండు ఆఫీసులు తిరగాల్సి వచ్చేది: దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ దగ్గరికి, పట్టా మార్పిడికి తహసీల్దారు దగ్గరికి. మొదటి పని అయి రెండోది ఆగిపోతే దస్తావేజు కొన్నవాడి పేరున, పహాణీ అమ్మినవాడి పేరున ఉండిపోయేవి. ఆ ఏడాది వచ్చిన కొత్త చట్టం, ధరణి పోర్టల్ కలిసి ఈ రెండింటినీ తహసీల్దారు ఆఫీసులో ఒకే పనిగా ముడివేశాయి. డేటాబేస్ లోకంలో అలాంటి ముడిని ట్రాన్సాక్షన్ అంటారు. జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఒక్కటీ జరగకూడదు. మధ్యలో తెగితే అప్పటిదాకా చేసినవన్నీ చెరిపేయడమే రోల్‌బ్యాక్. వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్ల నోట ‘రోల్‌బ్యాక్ సగమే అయింది’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. మిగిలిపోయిన ఆ సగం దాదాపు ఎప్పుడూ డేటాబేస్ మరిచిపోయింది కాదు, మనం దానికి అప్పగించనిది. చెరపడంలో డేటాబేస్ ఎంత కచ్చితమో చూస్తే ఈ మాట నమ్మబుద్ధవుతుంది.

ట్రాన్సాక్షన్ ఆలోచనకు రూపం దిద్దినవాళ్లలో ముఖ్యుడు జిమ్ గ్రే. 1970లలో ఐబీఎం శాన్‌హోజే ప్రయోగశాలలో, సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో ఆ పని జరిగింది. దానికి పదును పెట్టింది 1992లో అచ్చయిన ఎరీస్ పద్ధతి. ఆ పత్రం మొదటి రచయిత ఐఐటీ మద్రాసులో చదివిన సి. మోహన్. ఇందులో ఏ మార్పయినా డిస్కు మీది అసలు పేజీకి చేరేముందే చిట్టాకు (లాగ్‌కు) ఎక్కాలి: పాత విలువ, కొత్త విలువ, వరుస నంబరు. నాలుగు మార్పులయ్యాక రోల్‌బ్యాక్ మొదలైందనుకోండి. నాలుగోది, మూడోది చెరిగాయి. అంతలో కరెంటు పోయింది. తిరిగి లేచిన డేటాబేస్‌కి తాను ఎక్కడ ఆగిందో ఎలా తెలుస్తుంది? చెరపడాన్ని కూడా ఒక మార్పుగానే చిట్టాకెక్కించడం ఎరీస్ ఇచ్చిన జవాబు. చెరిపిన ప్రతిసారీ ‘ఇక చెరపాల్సింది ఫలానా నంబరు’ అన్న సూచిక కూడా పడుతుంది. డేటాబేస్ లేవగానే చిట్టాలోని చరిత్రను చెరుపులతో సహా మళ్లీ నడిపిస్తుంది. ఆపైన చివరి సూచికను పట్టుకుని రెండో మార్పు నుంచి వెనక్కి వెళుతుంది. ఒకసారి చెరిపినదాన్ని తిరగదోడదు కాబట్టి కరెంటు ఎన్నిసార్లు పోయినా చెరపాల్సిన జాబితా తరుగుతుందే తప్ప పెరగదు. ఇంతటి అందమైన యుక్తి కంప్యూటర్ శాస్త్రంలో అరుదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ది వేరే దారి: పాత వరుసను అలాగే ఉంచి, ఆ ట్రాన్సాక్షన్ చెల్లదని గుర్తు పెట్టి ఊరుకుంటుంది.

మరి తప్పు ఎక్కడ? వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో, ట్రాన్సాక్షన్‌కు హద్దు గీసే అటామిక్ బ్లాకు లోపలే ఒక ఎక్సెప్షన్‌ను (నడుస్తుండగా వచ్చిన లోపాన్ని) పట్టుకుని మింగేస్తే, పని సవ్యంగా ముగిసిందనుకుని ఫ్రేమ్‌వర్క్ కమిట్ చేసేస్తుంది, అంటే మార్పులను ఖాయం చేసేస్తుంది. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో చెక్డ్ ఎక్సెప్షన్ (జావా ముందే ప్రకటించమనే రకం) వస్తే, మనం విడిగా చెప్పకపోతే రోల్‌బ్యాక్ జరగదు. మైఎస్‌క్యూఎల్‌లో మధ్యలో టేబుల్ రూపాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ ఆదేశం ఒకటి నడిస్తే అంతవరకు చేసినదంతా అక్కడికక్కడే కమిట్ అయిపోతుంది. అందులోనే మైఐశామ్ రకం టేబుళ్లకైతే రోల్‌బ్యాకే లేదు. అందుకే ముందు ప్రోగ్రామ్‌ను కాదు, డేటాబేస్‌కి నిజంగా అందిన ఆదేశాలను వరుసగా చూడాలి. అక్కడ రోల్‌బ్యాక్ ఆదేశమే కనిపించకపోతే డేటాబేస్‌ను అనుమానించి లాభం లేదు.

పొలం కొన్న రైతుకు డేటాబేస్ బాధ్యత ఎక్కడిదాకా అన్న ఈ సరిహద్దులతో ఏం పని అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, డబ్బు కట్టాక పేరు మారకపోతే తప్పు ఎవరిదైనా నష్టం అతనిదే. అలాగని పేరు మార్పు, బ్యాంకు చెల్లింపు, రైతుకు వెళ్లే మెసేజ్ అన్నింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టేద్దామంటే కుదరదు. బ్యాంకు జవాబిచ్చేదాకా టేబుల్‌లో ఆ పొలం వివరాలున్న వరుసలకు తాళం పడి, వాటితో పనున్న మిగతావాళ్లంతా ఆగిపోతారు. పైగా వెళ్లిన మెసేజ్‌ను ఏ చిట్టా వెనక్కి పిలవలేదు. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వడం రోల్‌బ్యాక్ కాదు, మరో కొత్త పని. ఒక్కో పనికీ అలాంటి విరుగుడు పనిని జతచేసిన గొలుసుకు 1987లో గార్సియా మొలీనా, సాలెం ‘సాగా’ అని పేరు పెట్టారు. మెసేజ్‌కైతే, పంపాల్సిన వివరాన్ని అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాసి ఉంచాలి. కమిట్ అయితేనే అది మిగులుతుంది, అప్పుడు వేరే ప్రోగ్రామ్ దాన్ని చదివి పంపుతుంది. ఒకే మెసేజ్ రెండుసార్లు వెళ్లే అవకాశం ఇంకా ఉంటుంది కాబట్టి ప్రతిదానికీ ఒక నంబరు ఇచ్చి, అందుకునే చోట ఆ నంబరును సరిచూసుకోవాలి.