మా తాతమ్మ పేరేమిటి?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కిందటేడు మా అమ్మాయిని బడిలో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. పెద్ద అట్ట ఒకటి తెచ్చి, చెట్టు బొమ్మ వేసి, "అమ్మా, పేర్లు చెప్పు, రాసుకుంటాను" అంది. ఇదెంత సేపు పనిలే అనుకుని, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి కూర్చున్నాను. మా నాన్నగారు, మా తాతగారు, ఆయన తండ్రి, ఆ పైన ఆయన తండ్రి... గడగడా చెప్పేశాను. "మరి వాళ్ళ భార్యల పేర్లో?" అంది పిల్ల. అమ్మ పేరు చెప్పాను, నాయనమ్మ పేరు చెప్పాను. మా తాతగారి తల్లి దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. ఆవిడ మా అందరికీ ఒట్టి "తాతమ్మ". ఆవిడకి ఒక పేరుండి ఉంటుందని నేనెప్పుడూ ఆలోచించనే లేదు. పిల్ల ఆ కొమ్మ మీద "తాతమ్మ" అనే రాసుకుని వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మీరూ ఒకసారి మీ మీ ఇళ్ళల్లో లెక్క వేసి చూడండి. పెళ్ళిలో పురోహితులు ప్రవర చదువుతారు కదా. ఫలానావారి మునిమనవరాలు, ఫలానావారి మనవరాలు, ఫలానావారి కుమార్తె అని పెళ్ళికూతుర్ని గురించి చెబుతారు. ఆ మూడు పేర్లూ మగవారివే. ఇంటిపేరూ మగవారి వెంటే వస్తుంది. మనం పుట్టింటి ఇంటిపేరు అక్కడే వదిలేసి అత్తింటికి వస్తాం. మన ముందుతరం ఆడవాళ్ళ సంగతులు ఏ కాగితం మీదా పెద్దగా ఉండవు. అవి ఉన్నదల్లా బంధువుల జ్ఞాపకాల్లోనే. అదీ ఒకరి దగ్గర ఒక ముక్క, ఇంకొకరి దగ్గర ఒక ముక్క. ఆ ముక్కలు ఎలా ఏరుకున్నానో, మీకూ పనికి వస్తుందేమోనని చెబుతున్నాను.

మా నాన్నగారు నా చిన్నతనంలోనే పోయారు. అందుకని మొదట అమ్మని అడిగాను. "నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది, నాకేం తెలుసే" అంది. బోధన్ దగ్గర ఉంటున్న మా పెదనాన్నగారిని అడిగాను. ఆయనకి డెబ్బై అయిదేళ్ళు. "నాకు రెండేళ్ళప్పుడు పోయిందట. నాన్న 'అమ్మ' అనేవాడు, అమ్మ 'మీ మామ్మ' అనేది" అన్నారు. ఇక మిగిలింది మా నాన్నగారి మేనత్త. వరసకి మాకు అమ్మమ్మ అవుతుంది. గుడివాడలో కొడుకు దగ్గర ఉంటోంది. పిల్లల సెలవుల్లో పనిగట్టుకుని వెళ్ళాను.

ఇక్కడ నేను తెలుసుకున్న మొదటి సంగతి ఒకటుంది. ఇంటి సంగతులు అడగాలంటే ఆ ఇంట్లో ఉండిపోయినవాళ్ళకంటే ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయిన ఆడపడుచుల్ని అడగాలి. ఉండిపోయినవాళ్ళకి ఇల్లు రోజూ కొంచెం కొంచెం మారిపోతుంది, పాతది గుర్తుండదు. అత్తింటికి వెళ్ళిన పిల్లకి మాత్రం తను వదిలి వచ్చిన రోజున ఇల్లు ఎలా ఉందో అలాగే గుర్తుంటుంది. ఏ గదిలో ధాన్యం గుమ్మి ఉండేదో, ఏ దూలానికి ఉయ్యాల వేసేవారో చెప్పేస్తుంది.

"అమ్మమ్మా, మీ అమ్మ పేరేమిటి?" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిదానా, నీ పేరేనే! నీకు మా అమ్మ పేరు పెట్టించింది మా అన్నయ్యే" అంది.

చూశారా చిత్రం! నలభై ఏళ్ళుగా ఆవిడ పేరు నేను మోస్తూనే ఉన్నాను, నాకే తెలియదు. మా నాయనమ్మ నన్ను ఎన్నడూ పేరుపెట్టి పిలవలేదు, "అమ్మడూ" అనేది. ముద్దుకి అనుకున్నాను. అత్తగారి పేరు కోడలు పలకకూడదు కదా, అందుకని పిలవలేదట. మా ఇంటి అటక మీద ఒక ఇత్తడి బిందె ఉంది, దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కి ఉంటుంది. నా కోసమే కొన్నారనుకునేదాన్ని. అది తాతమ్మ పుట్టింటివారు ఇచ్చిన సారె బిందె.

కాబట్టి పేర్లు అడిగేటప్పుడు ఇవి గుర్తు పెట్టుకోండి. తాతల పేర్లూ అమ్మమ్మల పేర్లూ మనవలకి పెడతారు. ఒకే పేరుతో ముగ్గురు నలుగురు ఉంటారు. పేరు పక్కన ఊరు కూడా రాసుకోకపోతే తాతా మనవడూ కలిసిపోతారు. దత్తత వెళ్ళినవారికి ఇంటిపేరు మారుతుంది. పెళ్ళిలో పేరు మార్చిన కోడళ్ళూ ఉంటారు. ఇంట్లో ముద్దుపేరు ఎవరిదైనా ఉంటే "ఎందుకలా పిలిచేవారు?" అని తప్పకుండా అడగండి.

ఇక రెండో సంగతి, సంవత్సరాలు. పెద్దవాళ్ళని "అది ఏ సంవత్సరం?" అని అడిగితే లాభం లేదు. "ఏమో తల్లీ" అంటారు. బడిలో రాయించిన పుట్టినతేదీలు కూడా నమ్మలేం. పంతుళ్ళు చాలామందికి జూలై 1 అని వేసేశారు. సంవత్సరం అడగకుండా, వాళ్ళ ఒంటికీ ఇంటికీ సంబంధించింది ఏదైనా అడగాలి. అప్పటికి పరికిణీ కట్టేవా, ఓణీ వేశావా? చంకలో ఏ బిడ్డ ఉంది? పుష్కరాలకి ముందా, తరవాతా?

ఊరందరికీ గుర్తుండే సంఘటనలు కొన్ని ముందుగానే రాసి పెట్టుకోండి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను వాళ్ళు బాంబులు వేశారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదులో పోలీసు చర్య జరిగింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. 1979లో స్కైలాబు నెత్తిన పడుతుందని భయపడి కోళ్ళనీ మేకల్నీ కోసుకు తిన్న ఊళ్ళు ఎన్నో. 1980 ఫిబ్రవరి 16న పట్టపగలు చీకటి కమ్మిన సంపూర్ణ సూర్యగ్రహణం. గోదావరి పుష్కరాలు 1967, 1979, 1991, 2003, 2015ల్లో వచ్చాయి. ఇవి పక్కన పెట్టుకుంటే ఎవరి జ్ఞాపకాన్నయినా ఒకటి రెండేళ్ళలోకి తేవచ్చు.

తెలుగు సంవత్సరాల పేర్లు కూడా పనికి వస్తాయి. కాకపోతే అరవై ఏళ్ళకొకసారి అదే పేరు మళ్ళీ వస్తుంది. నందన అంటే 1952 కావచ్చు, 1892 కావచ్చు. ఏ తరం మాటో చూసుకోవాలి. మా అమ్మమ్మ ఈశ్వర నామ సంవత్సరం శ్రావణంలో పుట్టానంది. అంటే 1937.

ఇప్పుడు మా ఇంటి చిక్కుముడి చెబుతాను. మావాళ్ళది కృష్ణా జిల్లా. అక్కడి నుంచి నిజామాబాదు జిల్లాకి వెళ్ళి స్థిరపడ్డారు. మంజీర నది మీద నిజాంసాగర్ 1931కి పూర్తయి కాలువలు పారాక, కోస్తా జిల్లాల రైతులు చాలామంది అక్కడ భూములు కొనుక్కుని వెళ్ళారు. ఇప్పటికీ అక్కడ "క్యాంపు" అన్న పేరుతో పల్లెలు ఉన్నాయి. మావాళ్ళు ఎప్పుడు వెళ్ళారు? పెదనాన్నగారు "రజాకార్ల గొడవ అణిగాకే" అంటారు. అమ్మమ్మ "కాదు, అంతకు ముందే. నేను అక్కడ బడిలో అలిఫ్, బే దిద్దాను" అంటుంది. ఇద్దరూ పట్టు విడవలేదు. ఫోనులోనే కాసేపు కీచులాడుకున్నారు కూడా.

ఇలాంటప్పుడు మనం తీర్పు చెప్పకూడదండీ. నేనొక పెద్ద నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఎడమ పేజీలో ఒకరు చెప్పింది రాస్తాను, కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాను. ఇంకొకరు చెప్పింది, ఎంత తేడాగా ఉన్నా, ఎదురుగా రాస్తాను. పక్కన ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో వేస్తాను. కొన్నాళ్ళకి రెండు పేజీలూ వాటంతట అవే మాట్లాడుకుంటాయి. మా విషయంలో ఇద్దరిదీ నిజమే అయింది. మావాళ్ళు మొదట వెళ్ళారు, 1948లో గొడవలకి భయపడి రాత్రికి రాత్రి బండి కట్టుకుని వెనక్కి వచ్చేశారు, పోలీసు చర్య తరవాత మళ్ళీ వెళ్ళారు. పెదనాన్నగారు తన తండ్రి నోట విన్నది రెండో ప్రయాణం. అమ్మమ్మ కళ్ళారా చూసింది మొదటిది.

ఆ మొదటి ప్రయాణం గురించి అమ్మమ్మ చెబుతూ, "రైల్లో నాకు పాలపన్ను ఊడితే కిటికీలోంచి పారేశాను. అమ్మ తన పొలం అమ్మిన డబ్బు గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకుంది. రాత్రంతా కన్ను మూయలేదు" అంది.

నేను రాస్తున్న పెన్ను ఆపాను. "తన పొలమా?" అన్నాను. "అవునే, మా తాత పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం. అది అమ్మితేనే కదా అక్కడ భూమి కొన్నది" అంది.

ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. బోధన్ పొలమంతా ముత్తాతగారూ తాతగారూ రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించిందనే మేం విన్నాం. అమ్మమ్మ మాట నమ్మకపోవడానికి కారణం లేదు, కాని ఇంత పెద్ద సంగతి ఒక్క నోటి మాట మీద రాయడం నాకు ఇష్టం లేకపోయింది.

పాలపళ్ళు ఊడేది ఆరేడేళ్ళప్పుడు. 1937లో పుట్టిన పిల్లకి అంటే 1943, 44 ప్రాంతం. పేరు తెలిసింది, ఊరు తెలిసింది, ఇంచుమించు సంవత్సరమూ తెలిసింది. రిజిస్ట్రారు ఆఫీసుల్లో పాత దస్తావేజులకి మనుషుల పేర్ల పట్టీ, ఆస్తుల పట్టీ వేరువేరుగా ఉంటాయి. రుసుము కట్టి వెతికించుకుని నకలు తీసుకోవచ్చు. ఏ సంవత్సరాల్లో వెతకాలో తెలియకపోతే మాత్రం గడ్డివాములో సూదిని వెతికినట్టే. అక్కడ ఉన్న మా తమ్ముడు వరస అబ్బాయి నాలుగుసార్లు తిరిగి నకలు సంపాదించాడు. 1944. తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి అమ్ముతున్నట్టు ఉంది. కింద తాతమ్మ పేరు, పక్కన నిశానీ. నిశానీ అంటే వేలిముద్ర. ఆవిడకి చదువు రాదు.

పెదనాన్నగారి ట్రంకు పెట్టెలో ఉర్దూ కాగితం ఒకటి ఉంది. భూమి కొన్నప్పటిది. ఎవరికీ చదవడం రాక అలాగే పడి ఉంది. ఉర్దూ టీచరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు చదివి పెట్టారు. ఫసలీ 1354 అని ఉంది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అంటే 1944-45. రెండూ సరిపోయాయి. కొన్న కాగితం మీద మాత్రం ముత్తాతగారి పేరొక్కటే ఉంది.

ఆ రోజుల్లో ఆడపిల్లకి తనదంటూ ఉండే భూమి చాలా ఇళ్ళల్లో ఆ పసుపు కుంకుమల చెక్క ఒక్కటే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన దగ్గర 1985లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. తాతమ్మ తనకున్న ఒక్క ఎకరమూ ఇచ్చేసింది, ఆవిడ పేరు కూడా మాకు మిగల్లేదు.

నకలు పట్టుకుని పెదనాన్నగారి దగ్గరికి వెళ్ళడానికి నేను కొంచెం జంకాను. మగవాళ్ళ కష్టాన్ని తక్కువ చేస్తున్నానని అనుకుంటారేమోనని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. "యాభై ఏళ్ళుగా నాన్న కష్టం అని పిల్లలకి చెప్పుకుంటూ వచ్చాను. అదీ అబద్ధం కాదు. కాని ముందు ఇది చెప్పాల్సింది" అన్నారు. ఈ సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఒక చీర విడిగా తెప్పించి, తాతమ్మ పేరు పైకి చెప్పి పెట్టించారు. ఆ పేరు నాది కూడా కావడంతో పిల్లలంతా నా వంక చూసి నవ్వారు.

ఇంకొక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. జ్ఞాపకాలు తవ్వితే నీళ్ళూ వస్తాయి, బురదా వస్తుంది. అమ్మమ్మ ఒక మధ్యాహ్నం ఒక సంగతి చెప్పి, "ఇది రాయకే" అంది. నేను పుస్తకం మూసేశాను. ఆ మాట మావారికి కూడా చెప్పలేదు. పెద్దలు మనల్ని నమ్మి చెబుతారు, అనుమానించి అడిగితే ఇంకోసారి నోరు విప్పరు. నలుగురి ముందు అడగొద్దు. పక్కన కూర్చుని కూర తరుగుతూనో, కాళ్ళకి నూనె రాస్తూనో అడగండి. ఒక్కరోజే అన్నీ అడిగి అలసట పెట్టొద్దు.

అలాగని "వచ్చే సెలవులకి చూద్దాంలే" అని వాయిదా కూడా వేయొద్దు. నేను గుడివాడ నుంచి తిరిగొచ్చిన మూడు నెలలకి అమ్మమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మనిషిని గుర్తు పడుతుంది, చెయ్యి పట్టుకుంటుంది, చెప్పలేదు. నా పుస్తకంలో ఆవిడని అడగాలని రాసుకున్న ప్రశ్నలు ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయి. తాతమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటన్నది వాటిలో ఒకటి. నకలులో తండ్రి పేరు ఉంది గాని ఇంటిపేరు చెరిగిపోయింది.

ఈసారి మీ ఇంట్లో పెళ్ళికో, గృహప్రవేశానికో చుట్టాలు చేరినప్పుడు ఒక నోటుపుస్తకం సంచీలో వేసుకు వెళ్ళండి. మొట్టమొదట ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ పుట్టింటి ఇంటిపేర్లు, పుట్టిన ఊళ్ళు అడిగి రాయండి. మగవాళ్ళ పేర్లు ఎలాగూ దొరుకుతాయి. అత్తగారి వైపూ రాయండి, అమ్మ వైపూ రాయండి. అటక మీది బిందెలు ఒకసారి దింపి, వాటి మీద ఎవరి పేరుందో చూడండి. పాత సామానుకి వేసేది ఆ తరవాత.