నగర గర్భంలో ఒక పల్లె: సూరత్‌లోని ఆల్థాన్

ఉద్యోగరీత్యా దేశపు నలుమూలలకూ బదిలీపై వెళ్ళే కుటుంబాలు ప్రభుత్వరంగ సంస్థలలో ఎన్నో ఉన్నాయి. కొత్త ఊరు చేరగానే బడి ఎక్కడ, బజారు ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగుతుంది అని వాకబు చేస్తాము. అద్దెకు దిగిన ఆ నేల ఒకనాడు ఏమై ఉండేదని మాత్రం సాధారణంగా అడగము. ఆ ప్రశ్న ఎందుకు అవసరమో గుజరాత్‌లోని సూరత్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్ చక్కగా బోధిస్తుంది. హజీరా వాయు కర్మాగారాలకో, కవాస్ విద్యుత్కేంద్రానికో బదిలీ అయ్యే తెలుగు కుటుంబాలకు సూరత్ కొత్త కాదు. ఆ మహానగరంలో కలిసిపోయిన ఈ చిన్న పల్లెను పాఠకులకు పరిచయం చేయడమే మా ఉద్దేశం.

నేల, నీరు

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టిన తాపీ నది సుమారు 724 కిలోమీటర్లు పడమరగా ప్రవహించి, సూరత్ దాటిన తరువాత అరేబియా సముద్రంలో కలుస్తుంది. ఆ నదికి దక్షిణాన ఉన్న మైదానంలో ఆల్థాన్ నెలకొని ఉంది. ఉత్తరాన భటార్, తూర్పున ఉధనా, దక్షిణాన భీమ్‌రాడ్, పశ్చిమాన వేసూ దాని ఇరుగుపొరుగు గ్రామాలు. ఇవన్నీ నేడు నగరపు పేటలే.

ఇక్కడి నేల నల్లరేగడి. గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల వారికి దాని స్వభావం వివరించనక్కరలేదు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే ఈ నేలలో పూర్వం పత్తి, జొన్న ముఖ్యమైన పంటలు. 1950ల దశాబ్దంలో తాపీపై కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ జలాశయం పూర్తయిన పిమ్మట ఈ ప్రాంతపు పల్లెలకు కాలువనీరు అంది, చెరకు, వరి విస్తరించాయి.

నీటికి ఇక్కడ మరొక రూపం కూడా ఉంది. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న ఈ చదునునేలపై కురిసిన వాన ‘ఖాడీ’ అనబడే వాగుల గుండా బయటకు పోతుంది. ఇది నూలువస్త్రమైన ఖాదీ కాదు. గుజరాతీలో ఖాడీ అంటే సముద్రపు పోటు తగిలే పాయ. ఆల్థాన్ పక్కగా పారేది కాంక్రా ఖాడీ. ఇటువంటి పాయల నీరు దక్షిణాన మింఢోళా నదికి చేరుతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ నీరు త్వరగా దిగదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఆల్థాన్ కథ సగం అర్థమైనట్లే.

ఎనభైనాలుగింటిలో ఒకటి

ఆల్థాన్ చోర్యాసీ తాలూకాకు చెందిన గ్రామం. గుజరాతీలో చోర్యాసీ అంటే ఎనభైనాలుగు. పల్లెలను ఎనభైనాలుగేసి చొప్పున ఒక కూటమిగా లెక్కించే పాత రెవిన్యూ పద్ధతికి ఈ పేరు గుర్తు. 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం నెలకొల్పిన ఇంగ్లీషు కంపెనీ, 1613లో జహంగీరు అనుమతితో సూరత్‌లోనూ స్థిరపడింది. నాటి మొగలు సామ్రాజ్యపు ప్రధాన రేవైన సూరత్‌ను శివాజీ 1664లోనూ, 1670లోనూ ముట్టడించాడు. రేవు వైభవం చరిత్ర పుటలకెక్కింది. రేవుకు ధాన్యమూ పత్తీ సమకూర్చిన చుట్టుపక్కల పల్లెల పేర్లు ఆ పుటలలో అరుదుగా కనిపిస్తాయి.

అయితే ఆల్థాన్‌కు ఆనుకొని ఉన్న భీమ్‌రాడ్‌కు మాత్రం ఒక గౌరవం దక్కింది. 1930 ఏప్రిల్ 6న దండిలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించిన గాంధీజీ, మూడు దినముల అనంతరం, ఏప్రిల్ 9న, భీమ్‌రాడ్‌లో కూడా ఉప్పు సేకరించారు. ఉప్పు పేరుకునేంత దగ్గరగా సముద్రపు నీరు ఈ పొలాల అంచుకు వచ్చేదని ఈ సంఘటన తెలియజేస్తున్నది.

పొలం ప్లాటయిన విధము

1852లో మున్సిపాలిటీ, 1966లో నగరపాలక సంస్థ ఏర్పడిన సూరత్‌లో 1961 నాటికి జనాభా మూడు లక్షలకు లోపు. 2011 లెక్కల ప్రకారం అది 44 లక్షల 66 వేలు దాటింది. జరీ, వజ్రాల సానపట్టకం, మరమగ్గాలు దేశమంతటి నుండి శ్రామికులను రప్పించాయి. ఉధనా, లింబాయత్ ప్రాంతాల మగ్గాల వాడలలో తెలంగాణ నుండి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఇందరికి చోటు కావాలి. నగరపు ఎల్లలు విడతలు విడతలుగా జరుగుతూ పోయాయి. ఒక్క 2006లోనే నగర వైశాల్యం సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుండి 326కు పెరిగింది.

గుజరాత్‌లో ఈ మార్పుకు సాధనం 1976 నాటి నగర ప్రణాళిక చట్టం. దీని ప్రకారం ఒక ప్రాంతంలోని పొలాలన్నిటినీ కాగితంపై ఒకటిగా చేరుస్తారు. రోడ్లకు, తోటలకు, బడులకు కావలసిన భాగాన్ని తీసుకొని, మిగిలినదాన్ని చక్కని హద్దులతో ప్లాట్లుగా యజమానులకు తిరిగి ఇస్తారు. విస్తీర్ణం తగ్గినా విలువ పెరుగుతుంది. భూమిని పూర్తిగా లాగివేసే పద్ధతి కంటే ఇది రైతుకు మేలైనదనడంలో సందేహం లేదు. అమరావతి భూసమీకరణ గురించి 2015 నుండి విన్న మన పాఠకులకు ఈ లెక్క పరిచితమే.

అయితే ప్లాటు దక్కేది పట్టా ఉన్నవారికే. దక్షిణ గుజరాత్ పొలాలలో తరతరాలుగా కూలిపని చేసిన హల్పతీల వంటి భూమిలేని వారికి, పొలంతోబాటు పనికూడా పోతుంది. పల్లె నగరంగా మారేచోట ఈ రెండవ లెక్క కూడా వేయవలసి ఉన్నదని మా అభిప్రాయం.

నీరు మరువదు

పొలం ప్లాటు కావచ్చును గాని పల్లం మెట్ట కాదు. 1994లో వరదనీరు నిలిచిన అనంతరం, సెప్టెంబరు మాసంలో సూరత్‌ను ప్లేగు భయకంపితం చేసింది. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు గారి హయాంలో నగరం పరిశుభ్రతకు మారుపేరైంది. మరల 2006 ఆగస్టులో ఉకాయ్ నుండి విడుదలైన నీటితో నగరంలో అధికభాగం మునిగిపోయింది. నది శాంతంగా ఉన్న సంవత్సరాలలో సైతం, భారీ వర్షాలకు ఖాడీలు పొంగి పల్లపు పేటలు జలమయం కావడం సూరత్ ఎరిగినదే. ఒకప్పుడు చేలలో పరుచుకొని ఇంకిపోయిన నీరు ఇప్పుడు ఇళ్ళ మధ్య దారి వెతుక్కుంటున్నది.

ఈ సత్యాన్ని గుర్తించిన చర్యలు కూడా లేకపోలేదు. కాంక్రా ఖాడీ గట్ల వెంబడి భీమ్‌రాడ్-బమ్రోలీ వంతెన వరకు 87 హెక్టార్లలో జీవవైవిధ్య ఉద్యానవనం తలపెట్టి, 2022 సెప్టెంబరులో శంకుస్థాపన చేశారు. మురుగుకాలువగా చూడబడిన వాగుకు తిరిగి వాగు మర్యాద దక్కడం శుభపరిణామం.

మిగిలిన పేరు

సూరత్ మెట్రో మొదటి మార్గంలోని రెండు స్టేషన్లకు ఈ ఊరి పేరు పెట్టారు. ఒకటి ఆల్థాన్ టెనమెంట్, రెండవది ఆల్థాన్ గామ్. గామ్ అంటే గ్రామం. పంచాయితీ పోయినా, పంట పోయినా, మెట్రో స్తంభాల నడుమ ‘గ్రామం’ అనే మాట నిలిచి ఉంది.

2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిన గాజువాకకూ, దానితోబాటు కలిసిన పల్లెలకూ ఇటువంటి కథలే ఉన్నాయి. కావున కొత్త ఊళ్ళో ఇల్లు వెతుక్కునే ఉద్యోగ సోదరులకు మా సూచన ఒక్కటే. అద్దె ఎంత అని అడిగినప్పుడే, ఈ చోటును పూర్వం ఏమని పిలిచేవారు, వాననీరు ఎటు పారేది అని కూడా అక్కడి పెద్దలను అడగండి. మీ పిల్లలకు స్థానిక చరిత్ర తెలుస్తుంది. మీ సామాను ఏ అంతస్తులో దించుకోవాలో మీకు తెలుస్తుంది.