తాతగారి ‘ఫేవర్ లూబా’ మళ్లీ వచ్చింది.. డైవ్ వాచీనా? డ్రెస్ వాచీనా? స్విస్ వాచీ కొనేముందు ఇవి తెలుసుకోండి!

మిర్చి యార్డులో సరుకు అమ్ముడై డబ్బులు చేతికొచ్చాయి. ఇంట్లో పెళ్లి ముహూర్తం ఖాయమైంది. అల్లుడికి వాచీ పెట్టాలి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇది ఈనాటి లెక్క కాదు. ఒకప్పుడు పెళ్లికొడుకు అడిగే లిస్టులో సైకిల్, రేడియోతో పాటు వాచీ కూడా ఉండేది. కాస్త స్థితిమంతులైతే ఆ వాచీ ‘ఫేవర్ లూబా’!

పేరు వింటే మన కంపెనీ అనుకుంటాం కానీ అది పక్కా స్విస్. 1737లో లె లోక్ల్ అనే ఊళ్లో మొదలైంది. 1865లోనే ఇండియాలో అడుగుపెట్టింది. ఎత్తు కొలిచే ‘బివోయాక్’ను 1962లో, నీటి లోతు చూపించే ‘బేతీ’ని 1968లో తెచ్చింది కూడా ఇదే. బ్యాటరీ వాచీల దెబ్బకు తర్వాత బాగా చితికిపోయింది. 2011లో టైటాన్ కొన్నది. 2023లో ఎథోస్ గ్రూపు చేతికి వెళ్లింది. 2024 ఆగస్టులో జెనీవాలో చీఫ్, సీ స్కై, డీప్ బ్లూ పేర్లతో మళ్లీ లాంచ్ అయింది. అంటే ఈ స్విస్ బ్రాండ్ ఓనర్లు ఇప్పుడు మనవాళ్లే!

వీటిలో డీప్ బ్లూ అనేది డైవ్ వాచీ. ఇంతకీ డైవ్ వాచీ అంటే ఏంటి? చాలామంది ‘వాటర్‌ప్రూఫ్’ అనుకుని వదిలేస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6425 ప్రకారం కనీసం 100 మీటర్ల రేటింగ్ ఉండాలి, చీకట్లో కనిపించాలి, ఎంతసేపు నీళ్లలో ఉన్నామో చూపించాలి. అందుకే డయల్ చుట్టూ తిరిగే రింగు ఉంటుంది. దాన్నే బెజెల్ అంటారు. అది ఒకవైపే తిరుగుతుంది. ఎందుకంటే, పొరపాటున ఏదైనా తగిలి కదిలినా నీళ్లలో ఉన్న టైము ఎక్కువగానే చూపిస్తుంది తప్ప తక్కువ చూపించదు. మనిషి తొందరగా పైకొస్తాడు, ప్రాణం దక్కుతుంది. మనకి సముద్రంలో దూకే పని లేకపోయినా, మోటార్ వేసినప్పుడు బెజెల్ తిప్పి పెట్టుకుంటే చేనుకి ఎంతసేపు నీళ్లు పారాయో చూసుకోవచ్చు.

డ్రెస్ వాచీ దీనికి పూర్తిగా రివర్స్. పల్చగా, సాదాగా, చొక్కా కఫ్ కింద దాగిపోయేలా ఉంటుంది. ఎక్కువగా లెదర్ స్ట్రాప్. మే నెల గుంటూరు ఎండలో రోజూ పెట్టుకుంటే చెమటకి ఆ లెదర్ పాడైపోతుంది. రోజువారీ వాడకానికి స్టీల్ చైనో, రబ్బరు స్ట్రాపో బెటర్.

ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. డ్రెస్ వాచీ వెనక ‘30 మీటర్లు’ అని ఉంటే 30 మీటర్ల లోతుకి దూకమని కాదు. అది ల్యాబ్‌లో పెట్టిన ఒత్తిడి లెక్క. వాన చినుకులు, చేతులు కడుక్కున్నప్పుడు పడే తుంపర్ల వరకు ఓకే. సూర్యలంకలో ఈత కొట్టాలంటే కనీసం 100 మీటర్లు ఉండాలి. పైగా లోపలి రబ్బరు సీలు కాలం గడిచేకొద్దీ గట్టిపడిపోతుంది. తాతగారి వాచీ మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసున్నా సరే, దాన్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి.

ఈ రెండింటికీ మధ్య ఇంకో రకం ఇప్పుడు బాగా నడుస్తోంది. స్టీల్ చైన్ కేసులోనే కలిసిపోయినట్టు ఉండే మోడల్స్ అన్నమాట. 1978 నాటి డిజైన్‌ని టిస్సో 2021లో ‘పీఆర్ఎక్స్’గా మళ్లీ తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో రోలెక్స్ కూడా ‘ల్యాండ్ డ్వెల్లర్’తో ఇదే దారి పట్టింది. రోలెక్స్ సంగతి మనకెందుకులెండి, పొలం అమ్ముకోవాలి!

మరి రేట్లు తగ్గుతాయా? స్విట్జర్లాండ్ సహా నాలుగు దేశాల ఎఫ్టా కూటమితో భారత్ 2024 మార్చిలో చేసుకున్న ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీలపై కస్టమ్స్ సుంకం దశలవారీగా ఏడేళ్లలో సున్నా అవుతుంది. పాత లెక్కలో రూ.1 లక్ష దిగుమతి విలువకి 20% సుంకం, దానిపై సెస్సు కలిపి రూ.22 వేలు. ఆ మొత్తంపై 18% జీఎస్టీ. అంతా కలిపితే రూ.1,43,960. సుంకం పూర్తిగా పోతే రూ.1,18,000. తేడా దాదాపు రూ.26 వేలు. కానీ ఇది ఒక్కసారిగా రాదు. మధ్యలో కంపెనీ ధర పెంచితే ఆ లాభం అటే పోతుంది. అందుకని పెళ్లి వాయిదా వేసుకోవాల్సిన పనిలేదు.

ఇంకో విషయం. లక్ష పెట్టి కొన్న ఆటోమేటిక్ వాచీ, వెయ్యి రూపాయల బ్యాటరీ వాచీ కంటే టైము తక్కువ కరెక్టుగా చూపిస్తుంది. స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉన్న వాటికే రోజుకి 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు వరకు ఒప్పుకుంటారు. షాపువాడితో గొడవపడకముందే ఇది గుర్తుంచుకోండి.

ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే మెరిసిపోయే ‘పాత ఫేవర్ లూబా’ కనిపిస్తే మాత్రం జాగ్రత్త. వాటిలో చాలావరకు డయల్‌కి కొత్తగా రంగు వేసి, ఏవేవో పార్టులు కలిపి తయారు చేసినవే. ఆకుపచ్చ, నారింజ రంగుల్లో కొత్తగా మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

అదే మీ బీరువాలో తాతగారి అసలు వాచీ ఉంటే డయల్‌కి రంగు వేయించకండి. పాత వాచీలు కొనేవాళ్లు మరకలున్నా అసలు డయల్‌కే విలువిస్తారు. ఆగిపోయిందని తుక్కు రేటుకి ఇచ్చేయకుండా, కీ ఇచ్చే వాచీలు బాగుచేయడం తెలిసిన మెకానిక్‌కి ఒకసారి చూపించండి. చాలాసార్లు లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, అంతే. విప్పి, శుభ్రం చేసి, నూనె వేస్తే మళ్లీ నడుస్తుంది.