మీకు తెలుసా? గిటారు పెడళ్లకు దారి మార్చు పెట్టె

ఎలక్ట్రిక్ గిటారు వాదకుడు పాదములచెంత అమర్చుకొను ఎఫెక్ట్ పెడళ్లు ఒకదాని వెంట నొకటి గొలుసువలె కలిసియుండుటచేత, మ్రోగని పెడల్ గుండ సైతము నాదసంకేతము ప్రయాణింపవలసివచ్చి, కేబుల్ పొడవు పెరిగినకొలదియు, అడుగునకు సుమారు 30 పికోఫారడ్ల చొప్పున కెపాసిటెన్స్ చేరుటవలన, తారస్థాయి నాదముల తళుకు క్షీణించును.

ఈ చిక్కును తీర్చునదే లూప్ స్విచర్. ఇందు ప్రతి పెడల్‌కును సెండ్, రిటర్న్ అను రెండు ద్వారములుగల ప్రత్యేక వలయ ముండును. మీట నొక్కినంతనే లోపలి రిలే ఆ పెడల్‌ను సంకేతమార్గమున చేర్చును, లేదా దాని కేబుళ్లతో సహా తొలగించును. ముందుగా స్మృతియందు నిలిపిన అమరికయైనచో, ఒక్క త్రొక్కుతో నాలుగైదు పెడళ్లు ఏకకాలమున మారును.

1980 దశకమున లాస్ ఏంజెలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా అను సాంకేతిక నిపుణుడు స్టీవ్ లూకథర్ వంటి గిటారు వాదకులకు నిర్మించియిచ్చిన స్విచింగ్ వ్యవస్థలు ఈ పద్ధతికి ప్రఖ్యాతి తెచ్చినవి. బాస్ సంస్థవారి ఈఎస్-8 అను స్విచర్, 8 వలయముల క్రమమును సైతము మార్చుచు, 800 అమరికలను జ్ఞాపకముంచుకొనును.

అయితే, 1966లో లండన్‌లో వెలువడిన ఫజ్ ఫేస్ వంటి పెడల్, సంకేతబలమును కాపాడు విద్యుద్భాగమైన బఫర్ వెనుక నిలిచినచో కర్కశముగా పలుకును గావున, స్విచర్‌లోని ప్రవేశ బఫర్‌ను ఆపి, ఆ పెడల్‌ను మొదటి వలయమున నుంచుట మేలు.