కొలిమి లెక్క వేరు, లావా లెక్క వేరు

‘భిలాయిలో అగ్నిపర్వతం’ అని శీర్షిక ముందే ఖాయం చేసి, శుక్రవారానికల్లా కథనం కావాలన్నారు ఎడిటర్. అక్కడి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఎర్రగా పారే స్లాగ్ ముఖచిత్రానికి బాగుంటుంది, కాదనను. అది సుమారు 1500 డిగ్రీల వేడి, బసాల్ట్ లావా 1200. రెండూ కరిగిన సిలికేట్లే. పోలిక అంతవరకే, ఆపైన నాకు అనుమానం.

నన్ను పట్టేసింది వేరే కాగితం. 1968లో జపాన్‌కు చెందిన ఒనుమా బృందం అచ్చువేసిన గ్రాఫ్. లావాలో పెరిగిన పైరాక్సీన్ స్ఫటికాలనూ, చుట్టూ గడ్డకట్టిన లావానూ విడదీసి, ఏ మూలకం ఎటు ఎంత చేరిందో కొలిచారు. అడ్డగీత మీద అయాను సైజు. నిలువుగీత మీద, స్ఫటికంలోని మోతాదును ద్రవంలోని మోతాదుతో భాగిస్తే వచ్చే సంఖ్య. చుక్కలు కలిపితే కొండ ఆకారం వచ్చింది, ఒక్కో విద్యుదావేశానికి ఒక్కో కొండ! స్ఫటికంలోని చోటు చేతి గాజు లాంటిది: చెయ్యి పెద్దదైతే ఎక్కదు, మరీ చిన్నదైతే నిలవదు. రేర్ ఎర్త్ మూలకాల్లో లాంథనం పెద్దది, 1.16 ఆంగ్‌స్ట్రామ్‌లు, లుటీషియం 0.98. పైరాక్సీన్‌లో లాంథనానికి ఆ నిలువుగీత సంఖ్య సుమారు 0.05. అంటే ద్రవంలో వంద పాళ్లుంటే స్ఫటికంలోకి అయిదే. బరువైన వాటికి ఇది దాదాపు పదిరెట్లు. స్ఫటికాలు వేరుపడేకొద్దీ మిగిలిన మాగ్మాలో లాంథనం పోగుపడుతుంది. గార్నెట్ ఖనిజం మాత్రం బరువైన రేర్ ఎర్త్ యిటెర్బియాన్ని ద్రవంకంటే ఎన్నోరెట్లు ఎక్కువగా పట్టి ఉంచుకుంటుంది. గార్నెట్ ఉండేది బాగా లోతున. అందుకే రాజమండ్రి దగ్గరి పంగిడి క్వారీ నల్లరాయిలో ఈ మూలకాలను కొలిస్తే, ఆ మాగ్మా ఏ లోతున పుట్టిందో ఆధారం దొరుకుతుంది. 1994లో బ్లండీ, వుడ్ అనే శాస్త్రవేత్తలు ఒనుమా గ్రాఫ్‌లోని కొండ వంపుకు స్ఫటికం బిగువును బట్టి సూత్రం కట్టారు.

భిలాయి చరిత్ర కూడా ఉండాలన్నారు కాబట్టి: కర్మాగారానికి 1955లో సోవియట్ ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో మొదటి ఫర్నేస్, రాజ్‌హరా ఇనుపరాయి, నందిని సున్నపురాయి. ఇక అసలు లావా రాళ్లు కావాలంటే, ఖైరాగఢ్ వైపు పాత బసాల్ట్‌లు, కబీర్‌ధామ్ కొండల్లో 6.6 కోట్ల ఏళ్లనాటి దక్కన్ లావా.

ఫర్నేస్‌లో ఇనుము, స్లాగ్ వేరుపడేటప్పుడు సైజు ప్రశ్నే లేదు. అక్కడ తేల్చేది ఆక్సిజన్. ఇనుము దాన్ని వదిలేస్తుంది, కాల్షియం వదలదు, రేర్ ఎర్త్‌లు అసలే వదలవు. కాబట్టి ముడిసరుకులో లేశంగా ఉన్నా చేరేది స్లాగ్‌లోకే.

అయితే యూరోపియం అనే రేర్ ఎర్త్ దగ్గర ఎడిటర్ పోలిక సగం నెగ్గింది: ఇక్కడ మాగ్మాలోనూ ఆక్సిజన్‌కు మాట ఉంది. ఆక్సిజన్ కరువైన మాగ్మాలో అది ఒక ఎలక్ట్రాన్ పుచ్చుకుని 1.25 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఉబ్బుతుంది. దాదాపు స్ట్రాన్షియం సైజు, ఆవేశం కూడా అదే. దాంతో ప్లేజియోక్లేజ్ అనే ఖనిజంలో సులువుగా చోటు దొరుకుతుంది. 1969లో అపోలో 11 తెచ్చిన చంద్రశిలల్లోని బసాల్ట్‌లలో యూరోపియం కొరవడింది. ప్లేజియోక్లేజ్‌తో నిండిన తెల్లటి ఎత్తుభూముల రాళ్లలో అదే ఎక్కువ.

పెట్టెలో: నీళ్లు పోస్తే

వేడి స్లాగ్‌ను నీళ్లతో ఒక్కసారిగా చల్లారిస్తే స్ఫటికాలు పెరిగే వ్యవధే ఉండదు; గాజు ఇసుకగా మారుతుంది. సిమెంట్ మిల్లులకు కావలసింది ఇదే. నింపాదిగా చల్లారనిస్తే మెలిలైట్ స్ఫటికాలు పెరుగుతాయి. ఒనుమా లెక్కకు పనికొచ్చేది ఆ రెండో రకమే, దానికి సిమెంట్ మిల్లుల్లో గిరాకీ లేదు.